మీ ఎయిర్ రైఫిల్‌కి ఏ పెల్లెట్ నప్పుతుందో ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

తిరుపతిలో మా ఇంటికి పొడుగాటి వసారా ఒకటి ఉంది. సాయంత్రాలు అక్కడ పది మీటర్ల ఎయిర్ రైఫిల్ సాధన చేసే పిలకాయలూ, వాళ్లను బండి మీద దింపిపోయే తల్లిదండ్రులూ నన్ను ఎక్కువగా అడిగే మాట ఒకటే. "అన్నా, ఏ డబ్బా కొనాల?" అంటే పెల్లెట్ల డబ్బా, రైఫిల్లోంచి కాల్చే చిన్న సీసం గుండ్లవి. చిత్తూరు నుంచి, మదనపల్లె నుంచి ఫోన్ చేసేవాళ్లదీ అదే ప్రశ్న.

ఏదో ఒక పేరు చెప్పి పంపించొచ్చు. కానీ అది వాళ్ల రైఫిల్‌కి సరైన జవాబు కాకపోవచ్చు. ఒకే కంపెనీ, ఒకే మోడల్ రైఫిళ్లు రెండు తీసుకున్నా ఒకదానికి తల కొలత (ముందు భాగం వ్యాసం) 4.49 మిల్లీమీటర్లు ఉన్న పెల్లెట్ కుదరొచ్చు, రెండోదానికి 4.51 కుదరొచ్చు. బ్యారెల్ (గొట్టం) లోపల మిల్లీమీటరులో నూరో వంతు తేడా చాలు, టార్గెట్ అట్ట మీద గ్రూపు, అంటే షాట్ల బొక్కల గుంపు, విచ్చుకోవడానికి. మీ బ్యారెల్‌కి ఏది నచ్చుతుందో మీరే కాల్చి, కొలిచి, రాసుకుంటే తప్ప తెలియదు. ఆ పని ఎట్లా చెయ్యాలో వరసగా చెప్తాను.

1. ఇప్పుడే చెయ్యాలా, ఇంకొన్నాళ్లు ఆగాలా?

కొత్తగా మొదలుపెట్టిన పిల్లల తల్లిదండ్రులకు ముందే చెప్తున్నా, మీకు ఈ పరీక్ష ఇప్పుడే అక్కర్లేదు. కారణం లెక్కలోనే ఉంది. చేతి వణుకు వల్ల వచ్చే చెదురు, పెల్లెట్ వల్ల వచ్చే చెదురు మామూలు కూడికలాగా కలవవు. రెండింటి వర్గాలు కలిపి, దానికి వర్గమూలం తీయాలి.

చేతి చెదురు 3 మిల్లీమీటర్లు, పెల్లెట్ చెదురు 2 మిల్లీమీటర్లు అనుకోండి. మొత్తం సుమారు 3.6 అవుతుంది. ఖరీదైన పెల్లెట్ తెచ్చి ఆ రెండును ఒకటి చేసినా మొత్తం 3.2 దగ్గరే ఆగుతుంది. అదే చేతి చెదురు 1 మిల్లీమీటరుకు దిగిన పిల్లకైతే మొత్తం 2.2 నుంచి 1.4కి పడిపోతుంది. అది పతకాల్ని మార్చే తేడా.

నా లెక్క ప్రకారం దశాంశ స్కోరులో (షాటుకి 10.9 దాకా వచ్చే లెక్క) షాటుకి సగటు 9.8 దాటాకే ఈ పరీక్షకు దిగాలి. అప్పటిదాకా ఒకే రకం మ్యాచ్ (పోటీ) పెల్లెట్ పట్టుకుని సాధన చేయించండి. డబ్బాలు మార్చే కొద్దీ పిల్లకు తన తప్పేదో, పెల్లెట్ తప్పేదో తెలియకుండా పోతుంది.

2. చట్టం, ఇరుగుపొరుగు

మన దేశంలో 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బోరు (గొట్టం లోపలి వ్యాసం) .177 అంగుళాలు, అంటే 4.5 మిల్లీమీటర్లు మించకుండా, శక్తి 20 జౌళ్లు దాటకుండా ఉండే ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. మ్యాచ్ రైఫిల్ ఈ హద్దుకు చాలా లోపలే ఉంటుంది. 0.53 గ్రాముల పెల్లెట్ సెకనుకు 170 మీటర్ల వేగంతో బయటికొస్తే దాని శక్తి 7.7 జౌళ్లే. స్ప్రింగు మార్పించి, సీళ్లు (గాలి కారకుండా ఆపే వాషర్లు) మార్పించి శక్తి పెంచుకునే పనుల జోలికి పోకండి. చట్టం దాటుతారు, గురీ పాడవుతుంది.

లైసెన్సు అక్కర్లేదంటే ఎక్కడైనా కాల్చొచ్చని అర్థం కాదు. పిట్ట మీద గానీ, అడవి జంతువు మీద గానీ గురి పెట్టొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. మన ఊరు శేషాచలం అంచున ఉంది. ఎర్రచందనం దొంగరవాణా వల్ల ఈ దారుల్లో తనిఖీలు మామూలే. రైఫిల్ తీసుకెళ్తున్నప్పుడు పెట్టెలో పెట్టి, తాళం వేసి, కొన్న బిల్లు పక్కనే ఉంచుకోండి. బండిలో రైఫిల్ ఉండగా అలిపిరి వైపు, కొండ వైపు పోవద్దు.

పక్కింటి వాళ్లకు ఒకసారి చెప్పి, పెల్లెట్లు ఆగే ఏర్పాటు చూపించండి. మా వీధిలో నేను చేసిన మొదటి పని అదే. ఆ తర్వాత ఇప్పటిదాకా ఒక్క మాట రాలేదు.

3. చోటు

కావలసింది పది మీటర్లు, అంటే సుమారు 32 అడుగుల 10 అంగుళాలు. నిలబడటానికి వెనకాల ఇంకో నాలుగడుగులు. మన పాత ఇళ్లల్లో వాకిట్లోంచి పెరటిదాకా తలుపులు వరసగా ఉంటాయి కదా, అది చక్కగా సరిపోతుంది. అయితే మధ్యలో ఉన్న పక్క గదుల తలుపులన్నీ గడియ వేసి, మనిషిని ఒకరిని కాపలా పెట్టాలి.

మిద్దె మీద ఈ పరీక్ష చెయ్యొద్దంటాను. సాధనకు పరవాలేదు గానీ కొలతకు పనికిరాదు. కొండ వైపు నుంచి గాలి ఉన్నట్టుండి వీస్తుంది, అర గ్రాము సీసాన్ని పక్కకు నెట్టడానికి అది చాలు. పైగా గోడ దాటి పోయే ప్రమాదం. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీల ఎండలో రైఫిలూ మనిషీ ఇద్దరూ అలిసిపోతారు. లోపల, పొద్దున్నే చెయ్యండి.

పెల్లెట్లు ఆపడానికి వెల్డింగు అంగట్లో ఇనుప పెట్టె చేయించుకోండి. వెనక 4 మిల్లీమీటర్ల మందం రేకు, పైభాగం మీ వైపుకు 45 డిగ్రీలు వంగి ఉండాలి. తగిలిన పెల్లెట్ కిందకే పడుతుంది. నిటారుగా పెట్టిన రేకు, సిమెంటు గోడ, గట్టి చెక్క వద్దు, వెనక్కి ఎగిరి వస్తుంది. పెట్టె అడుగున పాత గుడ్డ పరిస్తే చప్పుడు తగ్గుతుంది, సీసం ముక్కలు చెదరవు.

☐ కాల్చే గీత నుంచి అట్ట దాకా 10 మీటర్లు, టేపుతో కొలిచి
☐ అట్ట మధ్య బిందువు నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తున (బల్ల మీద కాలిస్తే రైఫిల్, అట్ట ఒకే మట్టంలో)
☐ అట్ట మీద పడే వెలుగు 1500 లక్సుకు (వెలుగు కొలమానం) తగ్గకుండా, కంట్లో దీపం పడకుండా
☐ ఫ్యాను, ఏసీ కట్టేసి
☐ అందరికీ కళ్లద్దాలు
☐ తినే వస్తువులు, తాగే నీళ్లు గదిలో లేకుండా

చివరిది తేలిగ్గా తీసుకోవద్దు. పెల్లెట్ సీసం. పట్టుకున్న వేళ్లతో మురుకులు తింటే అది కడుపులోకి పోతుంది, పిల్లలకు మరీ చెడ్డది. అయిపోగానే సబ్బుతో చేతులు కడగాలి. పెట్టెలో పడిన సీసాన్ని తడిగుడ్డతో తీసి, మూత ఉన్న డబ్బాలో దాచి, పాత లోహాల వాళ్లకే ఇవ్వాలి. చీపురుతో ఊడిస్తే దుమ్ము లేస్తుంది.

4. రైఫిల్‌ని సిద్ధం చెయ్యడం

పెల్లెట్‌ని నిందించే ముందు రైఫిల్‌లో తప్పు లేదని తేల్చుకోవాలి.

మొదట మరలు. స్టాకుని (చేత్తో పట్టి భుజానికి ఆనించే భాగాన్ని) పట్టి ఉంచే మరలు వదులైతే గ్రూపు రెండుగా చీలుతుంది. మీ రైఫిల్ పుస్తకంలో ఎంత బిగువు చెప్పారో అంతే బిగించండి. గురి చూసే వెనక సైటు, ముందు సైటు వేలితో కదిపి చూడండి.

తర్వాత బ్యారెల్. లోడింగ్ వైపు నుంచి మూతి వైపుకే గుడ్డ లాగాలి, వెనక్కి లాగకూడదు. శుభ్రం చేసిన వెంటనే కొలత మొదలుపెట్టొద్దు. గొట్టం లోపల సీసం పలచగా పట్టేదాకా పెల్లెట్ తగిలే చోటు తప్పుతుంది. కనీసం ముప్పై షాట్లు ఊరికే కాల్చండి.

గాలి నింపే సిలిండర్ ఉన్న రైఫిల్ అయితే పరీక్ష మొత్తం ఒకే పీడన పరిధిలో జరగాలి. పుస్తకంలో చెప్పిన గరిష్ఠానికి నింపి, గేజీ ముల్లు కనిష్ఠానికి దగ్గరపడకముందే మళ్లీ నింపండి. చేతి పంపుతో కొట్టేవాళ్లు మధ్యమధ్య ఆగి, పంపు చల్లారనివ్వాలి. లేకపోతే తేమ సిలిండర్లోకి పోతుంది. సిలిండర్ మీద తయారీ తేదీ ఉంటుంది, చూడండి. పదేళ్లు దాటితే పోటీలో ఒప్పుకోరు, ఇంట్లోనూ వాడకూడదు.

స్ప్రింగు రైఫిల్ వాళ్లకు ఒక మాట. మీ తుపాకి కాల్చిన ప్రతిసారీ ముందుకూ వెనక్కీ కుదుపుతుంది. ఆ కుదుపు ప్రతిసారీ ఒకేలా జరగనివ్వాలి, అణచకూడదు. అందుకే 7వ మెట్టు మీకు వేరుగా ఉంటుంది.

5. ఏవేవి తెప్పించాలి

చదునైన ముక్కు ఉన్న మ్యాచ్ పెల్లెట్లే తీసుకోండి. అవి అట్టలో పంచింగు మిషను కొట్టినట్టు గుండ్రటి బొక్క పెడతాయి. మొనదేలినవి, గుండుముక్కువి కాగితాన్ని చింపుతాయి, కొలత రాదు.

చూడాల్సినవి మూడు.

తల కొలత: 4.49, 4.50, 4.51, కొన్నింట్లో 4.52 కూడా దొరుకుతాయి. ఈ మూడింటిలో నేను మొదటి స్థానం దీనికే ఇస్తాను.

బరువు: రైఫిల్ రకం 0.53 గ్రాములు, పిస్టల్ రకం 0.45 గ్రాములు. డబ్బా మీద గ్రెయిన్లలో (ఇంకో బరువు కొలమానం) ఉంటే 8.2, 7.0 అని చూస్తారు. రైఫిల్లో బరువైనదే వాడాలని నియమం లేదు. కొన్ని బ్యారెళ్లకు తేలికది బాగా కుదురుతుంది, కాబట్టి ఒక డబ్బా అదీ పెట్టుకోండి.

లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) సంఖ్య: డబ్బా అడుగున, లేదా పక్కన అంటించిన చీటీ మీద ఉంటుంది. ఒకే పేరు, ఒకే కొలత ఉన్నా, వేరే లాట్ అంటే వేరే పెల్లెట్ కిందే లెక్క. అచ్చులు అరుగుతాయి, మారతాయి.

మొదటి విడతకు ఆరు రకాలు చాలు. ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10, హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్, జేఎస్‌బీ మ్యాచ్ లాంటి వాటిలో రెండు కంపెనీలు ఎంచుకుని ఒక్కోదాంట్లో రెండు మూడు తల కొలతలు తీసుకోవడం నా పద్ధతి. ఆరు కంపెనీలవి ఒక్కో కొలత తెచ్చుకుంటే పేర్లు పోల్చినట్టు అవుతుంది తప్ప బ్యారెల్ కొలత బయటపడదు.

ఆరు డబ్బాలు ఒక్కరే కొనడం బరువు. నలుగురు కలిసి కొని పంచుకోండి. ఒక్కొక్కరికి ఒక్కో రకం నూట యాభై పెల్లెట్ల దాకా వస్తే చాలు. పంచేటప్పుడు చిన్న డబ్బాల మీద లాట్ సంఖ్య రాయడం మరవొద్దు.

6. డబ్బా మూత తీశాక

తెల్లగుడ్డ మీద పెల్లెట్లు కొన్ని కొన్నిగా వంచి, వెనక పావడా భాగం చూడండి. అది గుండ్రంగా ఉండాలి. నొక్కుకుపోయింది, అంచు చీలింది, లోపల సీసం పొక్కు ఉన్నది పక్కన పడెయ్యండి. అవి సైటు సరిచూసుకునే షాట్లకు కూడా వద్దు.

చాలామంది ఇక్కడ బంగారు అంగడి కాటా తెచ్చి ఒక్కోటీ తూచడం మొదలుపెడతారు. దాని వల్ల ఏమాత్రం లాభమో లెక్క చూద్దాం. 170 మీటర్ల వేగంతో పోయే పెల్లెట్ పది మీటర్లలో సుమారు 17 మిల్లీమీటర్లు కిందికి జారుతుంది. బరువులో 5 మిల్లీగ్రాముల తేడా అంటే దాదాపు ఒక శాతం. దానివల్ల వేగం అర శాతం మారుతుంది, జారుడు 0.17 మిల్లీమీటరు మారుతుంది. అట్ట మీద దశాంశం ఒకటి అంటే 0.25 మిల్లీమీటరు. అంటే తూకం తేడా దశాంశం ఒక్కటి కూడా కాదు.

అదే రైఫిల్ వేగమే షాటుకీ షాటుకీ 5 మీటర్లు తేడా కొడుతుంటే జారుడు ఒక మిల్లీమీటరు మారుతుంది, నాలుగు దశాంశాలు పోతాయి. కాబట్టి తూకం మీద పెట్టే గంటను రెగ్యులేటరు (ప్రతి షాటుకీ గాలి పీడనం ఒకేలా ఉంచే భాగం), సీళ్లు సరిచూసుకోవడం మీద పెట్టండి. పెల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫు ఎవరి దగ్గరైనా ఉంటే ఒక్క పూట అరువు తెచ్చుకోండి.

7. రైఫిల్ కదలకుండా పెట్టడం

రెండు దారులున్నాయి.

క్లాంపు: గట్టి బల్లకు బిగించిన పట్టకారు, దవడలకు రబ్బరు. స్టాకు తీసేసి, కాల్చే యంత్రం ఉండే యాక్షన్‌ని పట్టుకోవాలి. బ్యారెల్‌ని గానీ, సిలిండర్‌ని గానీ బిగించకూడదు. బ్యారెల్ బిగిస్తే పెల్లెట్ తగిలే చోటు మారుతుంది. సిలిండర్ బిగించడమైతే ప్రమాదమే, దాంట్లో 200 బార్ల పీడనంతో గాలి ఉంటుంది.

ఇసుక సంచులు: ఇంట్లో చేసుకునేవాళ్లకు నేను చెప్పేది ఇదే. పాత జీన్సు ప్యాంటు కాళ్లు కత్తిరించి, జల్లెడ పట్టి ఎండబెట్టిన ఇసుక ముప్పాతిక వంతు పోసి కుట్టెయ్యండి. ముందు సంచి ఫోరెండ్ (స్టాకు ముందు భాగం) కింద, వెనక సంచి బట్ (భుజానికి ఆనే భాగం) కింద. సంచి మీద రైఫిల్ ఎక్కడ ఆనిందో స్టాకు మీద పెన్సిలు గీత గీసుకుని ప్రతి షాటుకీ అక్కడికే తేవాలి. ఒక అంగుళం ముందుకు జరిగినా గ్రూపు పైకో కిందికో పోతుంది.

బల్ల ఊగకూడదు. మా వసారాలో కొయ్య బల్ల ఊగుతోందని కడప రాయి పలక తెచ్చి, ఇటుకల మీద పరిచి వాడుతున్నాను. ఆ ఒక్క మార్పుతో అడ్డంగా చెదిరే షాట్లు సగానికి తగ్గాయి.

స్ప్రింగు రైఫిల్‌ని క్లాంపులో పెట్టనే పెట్టొద్దు. ముందు సంచి మీద అరచెయ్యి వెల్లకిలా పెట్టి, దాని మీద ఫోరెండ్‌ని ఊరికే ఆనించండి. భుజానికి అదమకండి, పిడికిలి బిగించకండి. కుదుపు దాని మానాన అది జరిగిపోవాలి.

8. కాల్చే వరస

అందరూ తప్పు చేసేది ఇక్కడే. మొదటి డబ్బా మొత్తం కాల్చి, తర్వాత రెండోది, ఆ తర్వాత మూడోది. చివరి డబ్బాకు వచ్చేసరికి కన్ను అలిసిపోతుంది, ఎండ ఎక్కుతుంది, పీడనం దిగుతుంది. నష్టం చివరి డబ్బాకు.

మొదటి రోజు ఇలా చెయ్యండి:

1. ఆరు రకాలకు అ, ఆ, ఇ, ఈ, ఉ, ఊ అని గుర్తులు పెట్టండి. వీలైతే ఏది ఏదో ఇంట్లో ఇంకొకరికే తెలియనివ్వండి. వాళ్లే పెల్లెట్లు లెక్కపెట్టి అందించాలి. ఖరీదైన డబ్బా మీద మనకు తెలియకుండానే ప్రేమ ఉంటుంది, కాల్చేటప్పుడు అది చేతిలోకి వస్తుంది.
2. ఒక రకం మొదలుపెట్టిన ప్రతిసారీ పది షాట్లు వేరే అట్ట మీద కాల్చెయ్యండి. ఒక్కో కంపెనీ పెల్లెట్ మీద ఒక్కో రకం నూనె పూత ఉంటుంది, గొట్టం దానికి అలవాటు పడాలి.
3. కొత్త అట్ట మీద లెక్కలోకి వచ్చే పది షాట్లు.
4. అ నుంచి ఊ దాకా అయ్యాక ఇరవై నిమిషాలు విశ్రాంతి. చేతులు కడుక్కుని, బయటికెళ్లి కాఫీ తాగి రండి.
5. తిరిగి వచ్చి తలకిందుల వరసలో, ఊ నుంచి అ దాకా.

ఒక్కో రకానికి నలభై, మొత్తం 240 పెల్లెట్లు. రెండున్నర గంటల పని. ఎక్కడా తొందర పడొద్దు, షాటుకీ షాటుకీ మధ్య ఒకే విరామం ఉండాలి.

రెండో రోజు మొదటి రెండు స్థానాల్లో వచ్చినవి మాత్రమే. ఒక్కోటీ ఐదేసి గ్రూపులు, పదేసి షాట్లు, మళ్లీ మార్చి మార్చి.

ప్రతి అట్ట వెనకా అప్పటికప్పుడే రాయండి: తేదీ, గంట, గుర్తు, గేజీ చూపించిన పీడనం, గది వేడి. తర్వాత రాద్దామనుకుంటే రెండు అట్టలు తారుమారవుతాయి. నాకు అయ్యాయి, ఒక ఆదివారం మొత్తం వృథా అయింది.

మధ్యలో సైటు తిప్పకండి. గ్రూపు ఎక్కడ పడినా ఫర్వాలేదు, ఎంత బిగువుగా పడిందన్నదే ఈ పరీక్ష. మధ్యకు తెచ్చుకోవడం ఆఖరి పని.

9. కొలత

వెర్నియర్ కాలిపర్ (మిల్లీమీటరులో చిన్న వంతులు కొలిచే సాధనం) కావాలి. గ్రూపులో అన్నిటికంటే దూరంగా ఉన్న రెండు బొక్కల బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలవండి. దాంట్లోంచి ఒక బొక్క కొలత తీసెయ్యండి. లెక్కకు 4.5 అంటారు గానీ కాగితం కాస్త మూసుకుంటుంది. అందుకే అదే అట్ట మూల మీద ఒంటరి షాటు ఒకటి కాల్చి, దాన్నే కొలిచి తీసేస్తే నిక్కచ్చిగా వస్తుంది. మిగిలింది గ్రూపు అసలు కొలత.

ఆ అంకెకు అర్థం ఏమిటి? పెల్లెట్ మధ్యభాగం అట్ట మధ్య నుంచి 2.5 మిల్లీమీటర్ల లోపల పడితే పది వస్తుంది. 0.25 లోపల పడితే 10.9. అంటే గ్రూపు అసలు కొలత 5 మిల్లీమీటర్ల లోపలుంటే, మధ్యకు తెచ్చి పెడితే దాదాపు అన్నీ పదులే. కానీ ఆ ఐదునూ పెల్లెట్టే తినేస్తే మీ చేతికి మిగిలేది ఏమీ లేదు. మంచి మ్యాచ్ రైఫిల్లో పది షాట్లకు అసలు కొలత 2.5 లోపల ఉండే పెల్లెట్ కోసం వెతకండి.

ఒక్క గ్రూపు చూసి తీర్పు చెప్పొద్దు. ఒకే డబ్బా, ఒకే రైఫిల్, ఒకే పూట ఐదేసి షాట్ల గ్రూపులు వేస్తే ఒకదానికీ ఇంకోదానికీ ఒకటిన్నర రెట్లు తేడా రావడం మామూలే. అది కేవలం కాకతాళీయం. నేను మొదట్లో ఒకే ఒక్క ఐదు షాట్ల గ్రూపు చూసి, అంతా ఒకే బొక్కలో పడ్డాయని సంబరపడి పది డబ్బాలు కొన్నాను. తర్వాత వారం పదేసి షాట్లు వేస్తే ఆ పెల్లెట్ నాలుగో స్థానంలో నిలిచింది.

ఐదు షాట్ల గ్రూపునీ, పది షాట్ల గ్రూపునీ ఎదురెదురుగా పెట్టి పోల్చకండి. షాట్లు పెరిగితే గ్రూపు పెరుగుతుంది. పది షాట్లది ఐదు షాట్లదానికంటే సగటున పాతిక శాతం దాకా పెద్దదిగా ఉంటుంది.

రెండు రకాల సగటుల మధ్య తేడా 0.3 మిల్లీమీటరు కంటే తక్కువైతే నా దృష్టిలో అవి సమానం. అప్పుడు తేలిగ్గా దొరికేది, ఒకే లాట్ ఎక్కువ డబ్బాలు ఉన్నది తీసుకోండి.

10. తేడా కొట్టినప్పుడు ఏం చూడాలి

గ్రూపు నిలువుగా సాగింది. వేగంలో తేడా ఉంది, లేదా ముందు సంచి మీద రైఫిల్ జరిగింది. ముందు పెన్సిలు గీత చూడండి. అది సరిగ్గా ఉంటే రెగ్యులేటరును అనుమానించండి. స్ప్రింగు రైఫిల్లో అయితే పిస్టన్ గదిలో నూనె ఎక్కువై మండుతూ ఉండొచ్చు, కాలిన వాసన వస్తుంది. నూనె వెయ్యడం ఆపి, యాభై షాట్లు కాల్చి మళ్లీ చూడండి.

గ్రూపు అడ్డంగా సాగింది. గాలి, లేదా ఒక పక్క నుంచి పడే వెలుగు, లేదా రైఫిల్ ఒక వైపుకు ఒరగడం. కిటికీ తెర వెయ్యండి. సంచుల్లో ఎడమ, కుడి వైపుల బిగువు సమానం చెయ్యండి.

రెండు చిన్న గ్రూపులు పక్కపక్కన. నూటికి తొంభై సార్లు మర వదులు. అది కాకపోతే సైటు లోపల వదులు ఉంది. పెల్లెట్‌కి సంబంధం లేదు.

తొమ్మిది ఒక చోట, ఒకటి దూరంగా. దీన్ని కొట్టెయ్యాలని అందరికీ అనిపిస్తుంది. నా నియమం ఇది: షాటు వదిలిన క్షణంలో, అట్ట చూడకముందే "ఇది పోయింది" అని నోటితో అంటే దాన్ని తీసెయ్యొచ్చు. చూశాక అంటే తీయకూడదు. అదే డబ్బాలో ప్రతి గ్రూపుకీ ఒకటి అట్లా పోతుంటే పావడాలు మళ్లీ పరీక్షించండి. లోడ్ చేసేటప్పుడు పెల్లెట్ వంకరగా దూరుతోందేమో కూడా గమనించండి. బొటనవేలితో నెట్టే రైఫిళ్లలో ఇది తరచుగా జరుగుతుంది.

గ్రూపు మొత్తం మెల్లగా ఒక దిక్కుకు జరుగుతోంది. గొట్టం ఇంకా అలవాటు పడలేదు, లేదా మీ కన్ను అలిసింది. ఆగండి. కన్ను అలిసిందని ఒప్పుకోవడం చిన్నతనం కాదు.

బొక్కల అంచులు చిరుగుతున్నాయి. అట్ట తడి పీల్చింది, లేదా వెనక ఆసరా లేదు. అసలైన టార్గెట్ అట్టలే వాడి, వెనక దళసరి అట్ట ఆనించండి. జిరాక్సు కాగితం మీద కొలత కుదరదు.

సంచి మీద చక్కగా, నిలబడి కాలిస్తే చెదురుగా. ఇది పెల్లెట్ సమస్య కాదు. ఇక డబ్బాలు మార్చడం ఆపి కోచ్ దగ్గరికి వెళ్లండి.

11. కొనడం, దాచడం

గెలిచిన రకం తేలాక, అదే లాట్ సంఖ్య ఉన్న డబ్బాలు ఎన్ని ఉన్నాయో అంగడివాళ్లను అడగండి. ఫోనులో "అదే పెల్లెట్ అండీ" అంటే ఒప్పుకోవద్దు, చీటీ ఫోటో పంపమనండి. నాకు ఒకసారి అదే పేరుతో వేరే లాట్ వచ్చింది, గ్రూపు మిల్లీమీటరు పెరిగింది. అప్పటి నుంచి ఫోటో చూడకుండా డబ్బు కట్టడం మానేశాను.

ఎన్ని కొనాలి? ఒక పోటీ 60 షాట్లు, ముందు సైటింగు (గురి సరిచూసుకునే) షాట్లు కలిపితే దాదాపు 90. ఏడాదికి ఎన్ని పోటీలకు వెళ్తారో లెక్కేసి, ఆ పెల్లెట్లను పోటీలకూ, పోటీకి ముందు పది రోజులకూ మాత్రమే కేటాయించండి. రోజువారీ సాధనకు రెండో స్థానంలో వచ్చింది చాలు.

మన దగ్గర నవంబరు, డిసెంబరు వానలు సీసానికి శత్రువు. తేమ తగిలితే పెల్లెట్ మీద తెల్లటి బూజులాంటి పొడి పడుతుంది. అది పట్టినవి కాల్చకండి, ఆ పొడి విషం. డబ్బాలను గాలి దూరని ప్లాస్టిక్ పెట్టెలో, సిలికా జెల్ పొట్లాలు వేసి, బీరువా కింది అరలో పెట్టండి. పిల్లల చేతికి అందని చోట, తాళంతో. డబ్బాను కింద పడేస్తే లోపలివన్నీ మళ్లీ చూడాల్సిందే, పావడాలు సొట్టపోతాయి.

సైటు ఇప్పుడు సరిచెయ్యండి. ఎంచుకున్న పెల్లెట్‌తో నిలబడి, మీ మామూలు పద్ధతిలో, ఇరవై షాట్లు. గ్రూపు మధ్య ఎక్కడుందో చూసి, మీ సైటుకు ఒక క్లిక్కు (మర తిప్పితే కదిలే ఒక మెట్టు) ఎంత జరుపుతుందో ముందే కొలిచి పెట్టుకున్న అంకెతో తిప్పండి. షాటుకో క్లిక్కు తిప్పితే గ్రూపు వెనకాల పరుగెత్తినట్టు అవుతుంది.

మళ్లీ ఎప్పుడు పరీక్షించాలి:

☐ లాట్ అయిపోయి కొత్తది వచ్చినప్పుడు
☐ రెగ్యులేటరు, సీళ్లు మార్చినప్పుడు
☐ రైఫిల్ కింద పడినప్పుడు
☐ బ్యారెల్ లోతుగా శుభ్రం చేసినప్పుడు (ఒక గ్రూపు వేసి చూస్తే చాలు)

గెలిచిన లాట్‌లోంచి నూరు పెల్లెట్లు వేరే చిన్న డబ్బాలో పోసి, మీద తేదీ, లాట్ సంఖ్య, సగటు గ్రూపు కొలత రాసి, టేపు అంటించి దాచండి. పోటీ ఎంత దగ్గరపడినా దాన్ని విప్పొద్దు. ఏడాది తర్వాత కొత్త లాట్ గ్రూపు విచ్చుకుంటే, తేడా పెల్లెట్‌లో వచ్చిందా రైఫిల్‌లో వచ్చిందా అని తేల్చేవి ఆ నూరే.